మొదట ఎవరి దగ్గరికి?

వార్డు సిస్టర్: మేడం, మీ దగ్గర ఎన్‌క్లెక్స్‌కి చదివే అమ్మాయిలు మా వార్డుకు వస్తుంటారు. ఏదడిగినా జవాబు టక్కున చెబుతారు. డిజాక్సిన్ ఇచ్చే ముందు ఏం చూడాలంటే, ఛాతీ మీద స్టెత్ పెట్టి నిండా ఒక నిమిషం గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాలి, 60 కంటే తక్కువుంటే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి అంటారు. పొటాషియం 3.5 కంటే పడిపోయినవాళ్లకు ఆ మందు తొందరగా విషంగా మారుతుందని కూడా చెబుతారు. కానీ ఆ మందే వాడుతున్న ముసలాయన రెండు రోజులుగా అన్నం సహించడం లేదని పళ్లెం పక్కకు నెట్టేస్తే, "తాతా, కొంచెం తిను" అని బతిమాలి వెళ్లిపోతారు. ఆకలి చచ్చిపోవడం డిజాక్సిన్ ఎక్కువైందని చెప్పే తొలి గుర్తుల్లో ఒకటి. పుస్తకంలో చదివారు, మోడల్ టెస్టులో సరిగ్గా గుర్తించారు. మంచం దగ్గర మాత్రం అది ఇదేనని పోల్చుకోలేదు. ప్రశ్నల బ్యాంకులు వేలకొద్దీ చేయించి మనం జవాబులు ఎరిగిన పిల్లల్ని తయారు చేస్తున్నాం. రోగిని ఎరిగిన నర్సు ఎప్పుడు తయారవుతుంది?

ట్యూటర్: మీ బాధ న్యాయమైనదే సిస్టర్. ఆ తప్పును పరీక్ష మీద వేసే ముందు, ఆ పరీక్ష దేనికోసం పెట్టారో చూద్దాం. గుంటూరులో చదివినా, వరంగల్‌లో చదివినా, టెక్సస్‌లోనే చదివినా, అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పాసవ్వాలి. అందరిలోకీ గొప్ప నర్సు ఎవరని అది వెతకదు. కొత్తగా చేరిన ఈ మనిషి రోగికి హాని జరగకుండా పని చేయగలదా అన్న ఒక్క సంగతే తేలుస్తుంది. 1994 నుంచి కంప్యూటరు మీద జరుగుతోంది. జవాబు సరైతే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పయితే తేలికవుతుంది. 85 ప్రశ్నలకు తగ్గకుండా, 150కి మించకుండా, 5 గంటల లోపు ఈమె పాస్ గీతకు పైన ఉందా కింద ఉందా అన్నది 95 శాతం నమ్మకంగా తేలేదాకా అడుగుతూనే ఉంటుంది. అక్కడ సిఫారసు చెల్లదు, కాలేజీ పేరు చెల్లదు. స్పృహ లేకుండా మంచం మీద పడి ఉన్న రోగి తన నర్సును తాను ఎంచుకోలేడు. అతని తరఫున ముందే ఎవరో ఒకరు నర్సును పరీక్షించి ఉండాలి కదా?

వార్డు సిస్టర్: గీత ఉండాలి, కాదనను. దాన్ని ఎక్కడ గీశారన్నదే నా పేచీ. తెర మీద ఉన్న రోగికి బీపీ, నాడి, ఆక్సిజన్, రక్తపరీక్షలు అన్నీ రాసిపెట్టి ఉంటాయి. అంటే ఎవరో ఒక నర్సు అప్పటికే అతని దగ్గరికి వెళ్లి, చూసి, కొలిచి, రాసి వచ్చిందన్నమాట. మీ ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. మా పని అంతకు ముందే మొదలవుతుంది. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఈ పూట దుప్పటి లాగుతున్నాడు, సెలైన్ పైపు పీకుతున్నాడు, కూతురి మీద కసురుకుంటున్నాడు. బంధువులు "కోపమొచ్చింది సిస్టర్" అంటారు. మెదడుకు ఆక్సిజన్ తగ్గుతుంటే మొదట కనిపించేది ఈ కుదురులేనితనమే. పెదాలు నీలంగా మారేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. దీన్ని ఎవరూ నాకు నాలుగు ఆప్షన్లుగా పేర్చి ఇవ్వలేదు. పాట్రిషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో నర్సు కొత్తమనిషి నుంచి నిపుణురాలయ్యేదాకా ఐదు మెట్లు ఉన్నాయని చెప్పింది. పై మెట్టు మీదున్న నర్సు సూత్రాలు ఒక్కొక్కటీ తలుచుకుంటూ కూర్చోదు, పరిస్థితి మొత్తాన్ని ఒక్కచూపులో పట్టుకుంటుంది. ఆ చూపును ఏ కంప్యూటరు కొలుస్తుంది?

ట్యూటర్: మీరు చెప్పిన లోటును పరీక్ష పెట్టేవాళ్లు కూడా గుర్తించారు. అందుకే 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ రూపం మారింది. ఇప్పుడు ఒక రోగి కేసు మొత్తం ఇస్తారు. నర్సులు రాసిన నోట్సు, గంటగంటకూ కొలతలు, ల్యాబు రిపోర్టులు, డాక్టరు ఆర్డర్లు. అందులో పనికొచ్చేవీ పనికిరానివీ కలిసే ఉంటాయి. వాటిని పట్టుకుని ఆరు అడుగులు నడవాలి. ఏ గుర్తులు ముఖ్యమో పట్టడం, వాటిని కలిపి అర్థం తీయడం, ఏ ప్రమాదం ముందుందో తేల్చడం, ఏమేం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, చేశాక రోగి ఎలా ఉన్నాడో మళ్లీ చూడటం. మార్కుల పద్ధతి కూడా మారింది. వర్తించేవన్నీ గుర్తించమన్నచోట సరైనదానికి మార్కు కలుపుతారు, తప్పుదానికి మార్కు తీసేస్తారు. ఎందుకైనా మంచిదని అన్నిటికీ టిక్కు పెట్టే అమ్మాయికి అక్కడ లాభం లేదు. బెన్నర్ గురించి మీరన్నది నిజమే. ఆమె చెప్పిన మరో మాట కూడా గుర్తు చేస్తాను. కింది మెట్టు మీద ఉన్న కొత్త నర్సుకు సూత్రాలే ఆధారం. పై మెట్టుదాకా చూపు పెరిగేలోపు ఆమె చేతిలో ఉండే రోగులు కూడా రోగులే.

వార్డు సిస్టర్: పనికిరాని సమాచారం కలిపి ఇచ్చినా, సమాచారమంతా తెర మీదే ఉంది. డ్రెస్సింగ్ విప్పగానే వచ్చే వాసన అక్కడ లేదు. "బాగానే ఉన్నానమ్మా" అంటూ కళ్లు తిప్పుకున్న మనిషి అక్కడ లేడు. అయినా, పాత పద్ధతి కంటే ఇది మేలని ఒప్పుకుంటాను. పూర్వం ఒక్కో ముక్క విడివిడిగా అడిగేవాళ్లు. రోగి ముక్కలుగా ఉండడు.

ట్యూటర్: మీరు ఒకటి ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకుంటాను. నా తరగతిలో బాగా మార్కులు వచ్చే అమ్మాయిల్లో కొందరికి రోగి చెయ్యి పట్టుకోవడం రాదు. ఇక నేను భయపడే రెండో వైపు చెప్పనివ్వండి. అనుభవం మంచినే నేర్పుతుందని ఎక్కడుంది? రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు నర్సు రోగి పక్కనే ఉండాలి. గ్రూపు కలవని రక్తం వెళితే చలి, జ్వరం, నడుము నొప్పి మొదలయ్యేది చాలావరకు ఆ కాసేపట్లోనే. అప్పుడు వెంటనే రక్తం ఆపి, పైపు మార్చి, కొత్త పైపుతో నార్మల్ సెలైన్ పెట్టి, డాక్టరుకూ బ్లడ్ బ్యాంకుకూ చెప్పాలి. వార్డులో ఏం జరుగుతుంది? సీసా తగిలించి, "వణుకొస్తే పిలువమ్మా" అని అటెండెంట్‌కి చెప్పి వెళ్తారు. కొత్తమ్మాయి అడిగితే "ఇక్కడ ఇలాగే చేస్తాం" అంటారు. నూరుసార్లు ఏమీ కాకపోవడం వల్ల అది తప్పని ఎవరికీ అనిపించదు. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ నేరుగా నరంలోకి పుష్ చేయకూడదు, గుండె ఆగిపోతుంది. ఈ మాట ఎంతమంది చెప్పినా ఆ ఆంపుల్ మిగతా ఆంపుల్స్ పక్కనే ట్రేలో ఉంటుంది. అలవాటు నర్సును మొద్దుబారుస్తుంది సిస్టర్. ఆ అలవాటుకు ఎదురు నిలబడి "ఇది తప్పు" అని చెప్పే ధైర్యం పుస్తకం ఇస్తుంది.

వార్డు సిస్టర్: ఆ 15 నిమిషాల సంగతి మాకు తెలియక కాదు మేడం. ఒక బెడ్ దగ్గర 15 నిమిషాలు నిలబడితే మిగతా వార్డు ఎవరిది? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాలకు ఒక్కతే నిలబడిన నర్సుకు ఆ లెక్క చెప్పి చూడండి. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం ఉంది. సర్జికల్ వార్డులో నర్సుకు ఒక రోగి అదనంగా పెరిగితే, 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు వాళ్లు చూపించారు. తర్వాత 2004లో కాలిఫోర్నియా నర్సుకు ఇంతకు మించి రోగులు ఉండకూడదన్న చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. మీ పరీక్ష నర్సు బుర్రను కొలుస్తుంది. ఆ బుర్ర పని చేయడానికి వీలున్న వార్డు ఉందా లేదా అని అడగదు. అది అడగకుండా తప్పంతా నర్సు మీద వేయడం అన్యాయం.

ట్యూటర్: అదే ఐకెన్ బృందం మరుసటి ఏడాది, 2003లో, ఇంకో అధ్యయనం అచ్చు వేసింది. ఆసుపత్రిలో డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే రోగి చనిపోయే అవకాశం 5 శాతం తగ్గుతోందని అందులో చూపించారు. చేతులు చాలినంతగా ఉండాలి, ఆ చేతుల వెనక చదువు కూడా ఉండాలి. ఒకటి లేదని రెండోదాన్ని వదులుకుంటామా? పైగా మనుషులు తక్కువున్నచోట ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియడం ఇంకా ముఖ్యం. ఎన్‌క్లెక్స్ పదేపదే అడిగేది అదే. నలుగురు రోగులున్నారనుకోండి. థైరాయిడ్ ఆపరేషన్ అయి ఆరు గంటలైన ఆమెకు నోటి చుట్టూ తిమ్మిరి, ఊపిరి తీస్తుంటే గొంతులో కీచుమని శబ్దం. పాత ఊపిరితిత్తుల జబ్బు, సీఓపీడీ ఉన్నాయనకు ఆక్సిజన్ 90 శాతం. మధ్యాహ్నం ఇన్సులిన్ ఇవ్వాల్సినాయనకు షుగరు 260. తుంటి ఆపరేషన్ అయిన అవ్వకు నొప్పి పదికి ఎనిమిది. మొదట ఎవరి దగ్గరికి?

వార్డు సిస్టర్: థైరాయిడ్ ఆమె దగ్గరికి. కీచుశబ్దం అంటే ఊపిరి దారి మూసుకుపోతోంది. తిమ్మిరి అంటే థైరాయిడ్ పక్కనున్న చిన్న గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోతోంది. మంచం పక్కన ట్రకియాస్టమీ సెట్, కాల్షియం గ్లూకోనేట్ ఉన్నాయో లేదో ఆపరేషన్ థియేటర్ నుంచి ఆమెను తెచ్చినప్పుడే చూసి పెట్టుకోవాలి. సీఓపీడీ ఆయనకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, 90 ఆయనకు మంచి అంకె. అది చూసి కంగారుపడి ఆక్సిజన్ పెంచేస్తే హాని.

ట్యూటర్: చూశారా, 90 అన్న అంకె అక్కడ వల. పుస్తకం సగం చదివిన అమ్మాయి అక్కడే చిక్కుకుంటుంది. మీరు చిక్కుకోలేదు. మీ అనుభవమూ ఆ పరీక్షా ఒకే చోటికి వచ్చాయి.

వార్డు సిస్టర్: ఒకే చోటికి వచ్చి అక్కడే విడిపోయాయి. సరైన జవాబు గుర్తించగానే మీ తెర తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. నాకు మిగతా ముగ్గురూ అలాగే ఉంటారు. థైరాయిడ్ ఆమె దగ్గర నేను నిలబడి ఉండగా అవ్వ నొప్పితో మూలుగుతూనే ఉంటుంది. ఆమెకు ఏం చెప్పి వెళ్లాలి? ఇన్సులిన్ ఆయన నేను వచ్చేలోపు అన్నం తినేస్తాడు, దాన్ని ఎలా సర్దాలి? అవ్వను రెండోదానిగా పెట్టడం సరైన నిర్ణయమే. అయినా ఆమె నొప్పి నిజం. సరైన పని చేసిన తర్వాత కూడా ఒక మనిషికి బాకీ పడి ఉండటం నర్సుకు రోజూ ఉండే బరువు. పరీక్ష ఆ బరువును చూపించదు. అందుకే పాసైన అమ్మాయిలు వార్డులో మొదటి నెలల్లోనే కుంగిపోతారు.

ట్యూటర్: దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ప్రశ్న ఒక్కచోట ఆగుతుంది, డ్యూటీ ఆగదు. కానీ ఈ లోటు పూడ్చే పని కాలేజీది, ఆసుపత్రిది. కొత్తమ్మాయిని మొదటి నెలల్లో సీనియర్ పక్కన పెట్టి నడిపించాల్సింది మనం. ఆ పని మనం చేయకుండా పరీక్షను తప్పుపట్టలేం.

వార్డు సిస్టర్: సరే, ఇంకో సంగతి చూడండి. మన జిల్లా ఆసుపత్రి నర్సుకు తెలిసినది మీ పరీక్షకు తెలియదు. నేల మీద పడుకున్న రైతు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. ఒంటి మీద గాటు కనిపించదు. కనురెప్పలు వాలుతుంటే కట్లపామని అనుమానించాల్సింది ముందుగా అతన్ని చూసే నర్సే. రక్తపింజరి కాటుకు పొడి గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తాం. పురుగుల మందు తాగినవాళ్లకు అట్రోపిన్ ఇస్తూ, ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరిందా, గుండె వేగం 80 దాటిందా, చంకల్లో చెమట ఆగిందా అని పక్కనే నిలబడి చూస్తాం. ఈ చదువుకు అక్కడ మార్కులు లేవు.

ట్యూటర్: మార్కులు ఉన్నాయి సిస్టర్, వేరే పేరుతో ఉన్నాయి. మయస్తీనియా గ్రేవిస్ రోగికి పిరిడోస్టిగ్మిన్ ఎక్కువైతే ఏమవుతుందని ఎన్‌క్లెక్స్ అడుగుతుంది. చొంగ, చెమట, విరేచనాలు, కళ్లలో నీళ్లు, చిన్నబోయిన కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో చెమ్మ, కండరాల నీరసం. దానికి విరుగుడు అట్రోపిన్. పురుగుల మందు ఒంట్లో చేసేదీ ఇదే, అసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోవడమే రెండుచోట్లా కారణం. మన వార్డులో ఒక్క పురుగుల మందు కేసు దగ్గర రాత్రంతా నిలబడిన అమ్మాయికి ఆ ప్రశ్న కంఠస్థం చేయాల్సిన పని లేదు. నేను తరగతిలో ఎన్ని బొమ్మలు గీసినా అంత గట్టిగా ఎక్కదు. ఇది మీ పక్షానికి బలమైన మాటే. కానీ నా పక్షానికీ బలమే. కారణం తెలిసినప్పుడే ఒక జబ్బులో చూసింది ఇంకో జబ్బులో గుర్తుపట్టగలం. ఆ కారణాన్ని పుస్తకమే నేర్పుతుంది.

వార్డు సిస్టర్: లేబర్ రూములో కూడా అదే చూశాను. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ప్రతి డోసుకూ ముందు మోకాలి మీద తట్టి కాలు కదులుతోందా చూడమంటారు, ఊపిరి లెక్కపెట్టమంటారు, గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు మూత్రం వస్తోందా చూడమంటారు. ఎందుకని అడిగితే "ప్రోటోకాల్" అంటారు. మందు ఎక్కువైనప్పుడు మోకాలి స్పందన ముందు పోతుంది, ఊపిరి ఆ తర్వాత ఆగుతుంది. ఆ మధ్యలో ఉన్న కాస్త వ్యవధిలోనే మందు ఆపి కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి తల్లిని దక్కించుకోవాలి. ఆ మందు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి మూత్రం తగ్గితే ఒంట్లో పేరుకుంటుంది. ఈ కారణం తెలిసిన నర్సు పని ఎంత ఉన్నా మోకాలు తట్టకుండా డోసు ఇవ్వదు. కారణం పరీక్ష కోసం చదివినా నేర్చుకున్నట్టే. అంతవరకు మీదే పైచేయి.

ట్యూటర్: అయితే మన మధ్య అసలు పేచీ ఎక్కడుందో చెబుతాను. మాట దగ్గర ఉంది. రోగి "నేను బతుకుతానా సిస్టర్" అంటే మన నర్సు "ఏం కాదమ్మా, భయపడకు" అంటుంది. ఎన్‌క్లెక్స్‌లో అది తప్పు జవాబు. ఆధారం లేని భరోసా ఇవ్వకూడదు. "మీకు దేని గురించి భయంగా ఉందో చెప్పండి" అనడం సరైన జవాబు. మా అమ్మాయిలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

వార్డు సిస్టర్: వాళ్లు పోగొట్టుకోవడమే నాకు నచ్చుతుంది. "ఏం కాదమ్మా" అన్నది రోగం గురించిన సమాచారం కాదు మేడం. నేను నీ పక్కన ఉన్నానని చెప్పే మాట అది. చెయ్యి పట్టుకుని, తల నిమురుతూ అనే మాట. పల్లె నుంచి వచ్చిన అవ్వను "దేని గురించి భయంగా ఉందో చెప్పండి" అని అడిగితే, ఈ పిల్ల నన్ను విచారిస్తోందేమిటని బిక్కచచ్చిపోతుంది. ఓదార్పుకు ప్రతిచోటా ఒక పద్ధతి ఉంటుంది. ఒక దేశపు పద్ధతిని సరైన జవాబుగా అచ్చు వేసి మన పిల్లల నోట్లోంచి మన మాట తీసేయడం నాకు సమ్మతం కాదు.

ట్యూటర్: ఆ మాటలో ప్రేమ ఉంది, నేనూ ఆ మాట వింటూ పెరిగినదాన్నే. కానీ అది ఎన్నిసార్లు రోగి నోరు మూయించిందో కూడా చూడాలి. భయమేస్తోందన్న ఆమె బహుశా "ఇంట్లో డబ్బుల్లేక పది రోజులుగా మాత్రలు మానేశాను" అని చెప్పబోతోంది. బహుశా "మా ఆయన కొడతాడు, ఇంటికి పంపొద్దు" అని చెప్పబోతోంది. "ఏం కాదు" అనగానే ఆ మాట లోపలే ఉండిపోతుంది. ఇంకా ఉంది. క్యాన్సర్ అని కొడుకుకు చెబుతాం, రోగికి చెప్పం. "నాన్నకు తెలిస్తే తట్టుకోలేడు" అంటే సరేనంటాం. ఆ నాన్నకు తన ఒంటి గురించి తెలుసుకునే హక్కు లేదా? ఆ పరీక్ష మన అమ్మాయిలకు నేర్పుతున్నది అమెరికా మర్యాద ఒక్కటే కాదు. రోగి తన శరీరానికి తానే యజమాని అన్న సంగతి కూడా.

వార్డు సిస్టర్: మీరన్న ఆ రెండో మాటకు నేను తల వంచుతాను. దాచడం వల్ల చివరి రోజుల్లో తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోకుండానే విడిపోవడం నేను చూశాను. కానీ మొదటి మాట మీద వెనక్కి తగ్గను. చెయ్యి పట్టుకుని "నేనున్నాను, చెప్పమ్మా" అనే జవాబు మీ నాలుగు ఆప్షన్లలో ఎందుకు లేదు?

ట్యూటర్: ఉండాలి. అది ఉంటే నేనూ దాన్నే ఎంచుకుంటాను. సిస్టర్, పరీక్ష ఇచ్చే ఇంకో బలం గురించి మీ అభిప్రాయం వినాలని ఉంది. డాక్టరు రాసిన డోసు తప్పనిపిస్తే నర్సు ఇవ్వకూడదు, అడిగి తేల్చుకోవాలి, ఆయన వినకపోతే పై అధికారికి చెప్పాలి. ఎన్‌క్లెక్స్ దీన్ని ఐచ్ఛికంగా వదిలేయదు. డాక్టరుకు ఫోను చేసేటప్పుడు ఇప్పుడు పరిస్థితి ఏమిటి, రోగి వెనకటి సంగతేమిటి, నేనేం గమనించాను, నాకేం కావాలి అన్న నాలుగూ వరసగా చెప్పడం నేర్పుతుంది. "డాక్టరుగారు చెప్పారు, చేశాను" అన్నది అక్కడ సమాధానం కాదు.

వార్డు సిస్టర్: ఈ ఒక్కటి మన పిల్లలకు వచ్చినా నేను ఆ పరీక్షకు దండం పెడతాను. మన దగ్గర నర్సు నోట "ఎందుకు" అన్న మాట వస్తే అమర్యాద అంటారు. కానీ దానికీ హద్దుంది మేడం. 2017లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నర్సు మత్తు కోసం రాసిన మిడజోలామ్‌కు బదులు వెకురోనియం తీసి రోగికి ఇచ్చింది. ఒకటి మనసును నెమ్మదింపజేసే మందు, రెండోది ఊపిరి కండరాలనే కదలకుండా చేసే మందు. మందులిచ్చే యంత్రంలో రెండు అక్షరాలు కొట్టి, హెచ్చరికలు దాటుకుని తీసింది. రోగి చనిపోయింది. 2022లో జ్యూరీ ఆ నర్సును దోషిగా తేల్చింది. ఆమె లైసెన్సున్న నర్సే. మీ గీతకు పైన ఉందని తేల్చిన మనిషే.

ట్యూటర్: ఆ కేసు నా తరగతిలో ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. పరీక్ష పాసవడం తప్పు చేయననే హామీ కాదని చెప్పడానికి. మందు పేరు చదవడం నర్సింగ్‌లో మొదటి పాఠం. ఆ పాఠం వచ్చినవాళ్లూ పని ఒత్తిడిలో తప్పుతారు. అందుకే గీత కింద ఉన్నవాళ్లను కూడా లోపలికి రానిస్తే ఏమవుతుందో ఆలోచించమంటున్నాను. మన దేశంలో కాలేజీ పరీక్ష పాసైతే చాలు, రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది. వేరే లైసెన్సు పరీక్ష లేదు. రోగులు సరిగ్గా లేని ఆసుపత్రిని చూపించి నడిచే కాలేజీలో చదివిన అమ్మాయి, పెద్దాసుపత్రిలో రాత్రింబవళ్లు నలిగిన అమ్మాయి, ఇద్దరి చేతికీ ఒకటే రిజిస్ట్రేషన్. హైదరాబాద్‌లోనే సెంటరుకు వెళ్లి అమెరికా రోగి కోసం పరీక్ష రాస్తున్నాం. మన నిజామాబాద్ రోగి కోసం, మన శ్రీకాకుళం రోగి కోసం అలాంటి పరీక్ష ఒకటి వద్దా?

వార్డు సిస్టర్: వద్దనడానికి నాకు నోరు రావడం లేదు, కావాలనడానికి మనసు రావడం లేదు. ఇక్కడ ఆ పరీక్ష పెట్టిన మరుసటి రోజే దానికి కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి. మూడో సంవత్సరం నుంచే పిల్లలు వార్డు పోస్టింగ్ ఎగ్గొట్టి టెస్టులు రాస్తుంటారు. ఇప్పటికే డ్యూటీ మధ్యలో ఫోన్లో ప్రశ్నలు చేసుకునేవాళ్లను చూస్తున్నాను. పరీక్ష కోసం వార్డును వదిలేస్తే, మీరు గీత గీసి కొలిచేది మనిషిని చూడని చదువునే. పెట్టాలంటే ఒక షరతు. హాలులోకి వెళ్లే ముందు ఆ అమ్మాయి ఎన్ని కాన్పులు చూసిందో, ఎన్నిసార్లు రక్తం ఎక్కించి పక్కన నిలబడిందో, చూసిన సీనియర్ నర్సు సంతకంతో తేవాలి.

ట్యూటర్: ఆ సంతకాలు ఇప్పుడూ ఉన్నాయి సిస్టర్. కేసు పుస్తకాలు నిండుతూనే ఉన్నాయి. చూడని కాన్పులకు కూడా సంతకాలు పడుతున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే కదా ఎవరి సంతకమూ అక్కర్లేని పరీక్ష కావాలంటున్నాను. పుస్తకంలో రాసినంత మాత్రాన ఆమెకు పని వచ్చని నేనెలా నమ్మను?

వార్డు సిస్టర్: తెర మీద సరైన జవాబు నొక్కినంత మాత్రాన నేనెలా నమ్మను? సంతకం అబద్ధమైతే సరిచేయాల్సింది సంతకాన్ని. సీనియర్ నర్సుకు నేర్పడానికి డ్యూటీలో సమయం ఇవ్వండి, రోగుల సంఖ్య కౌన్సిల్ లెక్కకు తెండి, పని రానివాళ్ల పుస్తకం వెనక్కి తిప్పి పంపే అధికారం ఆమెకివ్వండి. ఆ తర్వాత మీ పరీక్ష పెట్టండి.

ట్యూటర్: అవన్నీ జరిగేదాకా ఆగితే, ఈలోపు పని రాని చేతుల్లో పడే రోగులకు మనం ఏం జవాబు చెబుతాం? నేను పరీక్షతో మొదలుపెట్టమంటాను. గీత కింద ఎంతమంది మిగిలిపోయారో అంకెల్లో బయటపడితేనే కాలేజీలకూ ప్రభుత్వానికీ వార్డును బాగుచేయాలన్న కదలిక వస్తుంది.

వార్డు సిస్టర్: ఆ అంకెలు బయటపడ్డాక శిక్ష ఎవరికి పడుతుందో కూడా ఆలోచించండి మేడం. నేర్పని కాలేజీకి కాదు, అప్పు చేసి చదివించిన ఇంటి ఆడపిల్లకు పడుతుంది. నేను వార్డుతో మొదలుపెట్టమంటాను. రోగికి రెండూ కావాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఏది ముందన్న దగ్గర మాత్రం మీరు నన్ను కదిలించలేదు.

ట్యూటర్: మీరూ నన్ను కదిలించలేదు. కానీ ఇకపై నా తరగతిలో సరైన జవాబు చెప్పిన ప్రతి అమ్మాయినీ ఇంకో ప్రశ్న అడుగుతాను. మిగతా ముగ్గురికీ ఏం చెప్పి వెళ్తావు అని. దానికి కీ లేదు. జవాబు వినడానికి మీరు రావాలి.

వార్డు సిస్టర్: వస్తాను. మా వార్డులో "ఇక్కడ ఇలాగే చేస్తాం" అన్న మాట విన్నప్పుడు మీ అమ్మాయిలు "ఎందుకు" అని అడగాలి. అడిగినందుకు వాళ్లను ఎవరూ కసరకుండా చూసే పూచీ నాది.